ఆరు మీటర్ల సొరంగం, రెండు వందల మీటర్ల నాట్యం

అందరికీ నమస్కారం. ఈ రోజు మాట్లాడబోయేది తేనెటీగ చూపు గురించి. అందులోనూ ఒక్క ప్రశ్న గురించి: తను ఎంత దూరం ఎగిరిందో తేనెటీగకు ఎలా తెలుస్తుంది? చిన్న ప్రశ్నలాగే ఉంటుంది. దీని మీద శాస్త్రజ్ఞులు కొన్ని దశాబ్దాల పాటు ఒక తప్పు జవాబును నమ్మారు. ఆ జవాబు ఎలా మారిందో, ఆ మార్పు తెచ్చిన ప్రయోగాలను ఎలా కట్టారో, వాటిలో ఎక్కడ పొరపాట్లు దొర్లుతాయో చెబుతాను. ఈ ప్రయోగాల్లో ఖరీదైన యంత్రాలు పెద్దగా లేవు. చెక్క, కాగితం, దోమతెర లాంటి జాలీ, పంచదార నీళ్లు, ఒక వీడియో కెమెరా. అసలు పనంతా ఆలోచనలో ఉంది.

ముందు కన్ను సంగతి చూద్దాం. పనిచేసే తేనెటీగకు ఒక్కో కంటిలో దాదాపు 5,500 చిన్న కటకాలు ఉంటాయి. ఒక్కో కటకం లోకంలో ఒక చిన్న ముక్కనే చూస్తుంది. పక్కపక్క కటకాలు చూసే దిక్కుల మధ్య తేడా సుమారు ఒక డిగ్రీ. మనిషి కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు వివరాన్ని కూడా పట్టగలదు. అంటే ఈగకు కనిపించే బొమ్మ మనదానికంటే చాలా ముతక. ఈ ఒక డిగ్రీ అంకెను గుర్తుపెట్టుకోండి, ప్రయోగం కట్టేటప్పుడు మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇంకో ఇబ్బంది ఉంది. ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో మనకు తెలియడానికి ఒక కారణం, మన రెండు కళ్ల మధ్య ఆరు సెంటీమీటర్లకు పైగా ఎడం ఉండటం. రెండు కళ్లకూ కాస్త వేరువేరు బొమ్మలు పడతాయి, మెదడు ఆ తేడా నుంచి దూరాన్ని లెక్కేస్తుంది. తేనెటీగ కళ్ల మధ్య ఎడం కొన్ని మిల్లీమీటర్లే. పైగా దాని కటకం మన కంటి కటకంలాగా దగ్గరికీ దూరానికీ సర్దుకోదు. మనం వాడే రెండు దారులూ దానికి మూసుకుపోయాయి. అయినా అది కొమ్మల మధ్య నుంచి దేనికీ తగలకుండా దూసుకుపోతుంది, పువ్వు అంచు మీద సరిగ్గా వాలుతుంది, కిలోమీటర్ల అవతల నుంచి తన తొర్రకే తిరిగొస్తుంది.

దానికి మిగిలిన దారి కదలిక. రైలు కిటికీ పక్కన కూర్చుంటే పట్టాల పక్క స్తంభాలు గిర్రున వెనక్కి పోతాయి, చేల అవతలి తాటిచెట్లు తాపీగా కదులుతాయి. దగ్గరిది వేగంగా, దూరంది నెమ్మదిగా. మనం కదులుతున్నప్పుడు కంటి మీదుగా బొమ్మ ఇలా జారిపోవడాన్ని దృశ్య ప్రవాహం అంటారు. కన్ను ఎంత ముతకదైనా, ఒక్క కన్నే ఉన్నా ఇది దొరుకుతుంది.

తేనెటీగ దీన్నే వాడుకుంటుందని వరుస ప్రయోగాలతో చూపించినవారు మండయం వి. శ్రీనివాసన్. ఆయన ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ నుంచి వచ్చినవారు. బెంగళూరు విశ్వవిద్యాలయంలో డిగ్రీ, అక్కడే భారతీయ విజ్ఞాన సంస్థలో మాస్టర్స్, 1976లో అమెరికాలోని యేల్‌లో పీహెచ్‌డీ. తర్వాత ఎక్కువ కాలం కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో, ఆ పైన బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ బ్రెయిన్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు. 2006లో ఆస్ట్రేలియా ప్రధానమంత్రి సైన్స్ బహుమతి అందుకున్నారు. షావూ జాంగ్, మిరియం లేరర్, వోల్ఫ్‌గాంగ్ కిర్ష్‌నర్, యూర్గెన్ టౌట్స్, హెరాల్డ్ ఎష్ లాంటివారు ఆయనతో కలిసి పనిచేశారు. ఈ పని ఏ ఒక్కరిదో కాదు కాబట్టి ఆ పేర్లు చెప్పి తీరాలి.

మొదటి ప్రయోగం 1989లో వచ్చింది, దాని విస్తారమైన రూపం 1991లో. 40 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న చిన్న సొరంగం. చివర పంచదార నీళ్లు. రెండు గోడల మీదా నలుపు, తెలుపు నిలువు చారలు. పై నుంచి కెమెరా. ఈగలు సొరంగం నడిమధ్య నుంచే ఎగిరాయి. ఇంతవరకు వింతేమీ లేదు.

ఇప్పుడు ఒక పక్క గోడ చారలను కదిలించారు. ఈగ ఎగిరే వైపుకే ఆ చారలు కదిలితే ఏమవుతుందో ఒక్క క్షణం ఆలోచించండి. ఆ కంటికి చారలు నెమ్మదిగా జారినట్టు కనిపిస్తాయి. నెమ్మదిగా జారేది దూరంగా ఉన్నట్టు లెక్క. కాబట్టి ఈగ ఆ గోడ దూరంగా ఉందనుకుని దాని దగ్గరికి జరగాలి. సరిగ్గా అదే జరిగింది. చారలను ఈగకు ఎదురు దిశలో కదిలిస్తే, బొమ్మ వేగంగా జారింది, ఈగ ఆ గోడకు దూరంగా జరిగింది. గోడలు ఉన్నచోటే ఉన్నాయి, వాటి దూరం మారలేదు. మారింది బొమ్మ జారే వేగం మాత్రమే.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. ఈగ నిజంగా వేగాన్నే కొలుస్తోందా, లేక సెకనుకు ఎన్ని చారలు దాటిపోతున్నాయో లెక్కపెడుతోందా? ఈ రెండూ ఒకటి కాదు. సన్న చారలైతే అదే వేగంలో ఎక్కువ చారలు దాటతాయి. అందుకని ఒక గోడకు సన్న చారలు, రెండో గోడకు వెడల్పు చారలు పెట్టి చూశారు. ఈగ అయినా నడిమధ్యనే ఎగిరింది. అంటే చారల లెక్కతో దానికి పనిలేదు, కోణీయ వేగాన్నే, అంటే బొమ్మ సెకనుకు ఎన్ని డిగ్రీలు జారుతోందో దాన్నే కొలుస్తోంది. నా దృష్టిలో ఈ రెండో పరీక్ష లేకపోతే మొదటిదానికి విలువ సగమే. విద్యార్థులు తరచూ వదిలేసేది కూడా ఈ రెండో పరీక్షనే.

ఇదే సూత్రం వేగానికీ వర్తిస్తుంది. నడుము దగ్గర సన్నబడి మళ్లీ వెడల్పయ్యే సొరంగం కట్టి, ఈగలను అందులోంచి పంపారు. సన్నబడేకొద్దీ ఈగ నెమ్మదించింది, వెడల్పయ్యేకొద్దీ వేగం పుంజుకుంది. కంటి మీద బొమ్మ జారే వేగాన్ని అది ఒకేలా ఉంచుకుంటోంది, సెకనుకు సుమారు 320 డిగ్రీల దగ్గర. కావాలంటే మీరే లెక్క కట్టండి. గోడ 11 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 320 డిగ్రీలంటే సెకనుకు దాదాపు 61 సెంటీమీటర్ల వేగం. గోడ 5.5 సెంటీమీటర్లకు దగ్గరైతే 31 సెంటీమీటర్లు. ఇరుకు సందులో నెమ్మదిగా, ఖాళీ చోట వేగంగా వెళ్లడానికి ఈగ సందు వెడల్పు కొలవక్కర్లేదు. ఒకే ఒక అంకెను నిలబెట్టుకుంటే చాలు, మిగతాది దానంతటదే జరిగిపోతుంది.

ఇక దూరం. పువ్వులు దొరికిన ఈగ పట్టుకు తిరిగొచ్చి నాట్యం చేస్తుందని, ఆ నాట్యంలో దిక్కూ దూరమూ ఉంటాయని కార్ల్ ఫాన్ ఫ్రిష్ చూపించారు. 1973లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మేత చాలా దగ్గర్లో ఉంటే ఈగ చిన్న వలయాల్లో తిరుగుతుంది, దాన్ని వలయ నాట్యం అందాం. దూరంగా ఉంటే ఒక గీత వెంట పొట్ట ఊపుతూ నడిచి, చుట్టూ తిరిగొచ్చి, మళ్లీ అదే గీత వెంట ఊపుతూ నడుస్తుంది. ఆ గీత నిట్టనిలువుకు ఎంత వాలుగా ఉందో, బయట మేత సూర్యుడికి అంత పక్కగా ఉన్నట్టు. ఊపే సేపు ఎంత ఎక్కువైతే మేత అంత దూరం.

సరే, ఆ దూరం ఈగకు ఎలా తెలిసింది? ఫాన్ ఫ్రిష్ కాలం నుంచి వినిపించిన జవాబు శక్తి. ఎగరడానికి ఎంత శక్తి ఖర్చయిందో దాన్నిబట్టి దూరం లెక్కేస్తుందని. దీనికి ఆధారాలు కూడా ఉన్నాయి. ఎదురుగాలిలో వెళ్లిన ఈగ ఎక్కువ దూరం చెబుతుంది. వీపుకు చిన్న బరువు అంటించిన ఈగ కూడా ఎక్కువే చెబుతుంది. నమ్మదగ్గ వాదనే. కానీ ఇందులో దాగి ఉన్న రెండో కారణం ఎవరి కంటా పడలేదు. ఎదురుగాలిలో గానీ బరువుతో గానీ ఈగ నేలకు దగ్గరగా ఎగురుతుంది. నేల దగ్గరైతే కింద బొమ్మ వేగంగా జారుతుంది. శక్తి, దృశ్య ప్రవాహం, రెండూ కలిసి పెరిగాయి. ఏది కారణమో ఆ ప్రయోగం చెప్పలేదు.

1990ల మధ్యలో హెరాల్డ్ ఎష్, జాన్ బర్న్స్ ఈ రెండింటినీ విడదీసే పని మొదలుపెట్టారు. పంచదార నీళ్ల గిన్నెను హీలియం బెలూన్‌కు కట్టి పైకి లేపారు. పైకి ఎగరాలంటే ఎక్కువ శక్తి కావాలి కాబట్టి, శక్తి వాదన నిజమైతే ఈగ ఎక్కువ దూరం చెప్పాలి. గిన్నె పైకి వెళ్లేకొద్దీ ఈగ తక్కువ దూరం చెప్పింది. ఎత్తులో నేల దూరమైంది, బొమ్మ నెమ్మదిగా జారింది, అంతే.

కాన్‌బెర్రా బృందం దీన్ని సొరంగంలోకి తెచ్చింది. ఆ ప్రయోగాన్ని దగ్గర నుంచి చూద్దాం. 3.2 మీటర్ల పొడవు, 22 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు. ఒక చివర తెరిచి, ఒక చివర మూసి ఉంటుంది. తెరిచిన చివర నుంచి 1.7 మీటర్ల దగ్గర గిన్నె. ఈగలు వస్తూ పోతూ దానికి అలవాటుపడ్డాక గిన్నె తీసేసి పరీక్షిస్తారు. గిన్నె లేని సొరంగంలోకి వచ్చిన ఈగ, గిన్నె ఉండాల్సిన చోటు దగ్గరికి వెళ్లి వెనక్కి తిరుగుతుంది, కాస్త వెళ్లి మళ్లీ ముందుకు తిరుగుతుంది. ఆ చోటునే అటూ ఇటూ వెతుకుతూ తిరుగుతుంది. ఎక్కడెక్కడ వెనక్కి తిరిగిందో గుర్తు పెట్టుకుంటూ పోతే, ఈగ మనసులో ఉన్న దూరం మన కాగితం మీద కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక్కొక్కటే మార్చారు. సొరంగంలో ఎదురుగాలి వదిలారు. ఈగకు ఎక్కువ శక్తీ, ఎక్కువ సమయమూ పట్టాయి. అయినా సరైన చోటే వెతికింది. దీంతో శక్తి, సమయం రెండు వాదనలూ పక్కకు పోయాయి. తర్వాత సొరంగాన్ని సన్నం చేశారు. గోడలు దగ్గరై బొమ్మ ఎక్కువ జారింది, ఈగ ముందే ఆగి వెతికింది. వెడల్పు చేస్తే దాటిపోయి వెతికింది. చివరికి గోడల మీది చారలను సొరంగం పొడవునా సాగేలా పెట్టారు. అప్పుడు ఈగకు లెక్కే పోయింది. గిన్నె ఉండాల్సిన చోట ఆగకుండా నేరుగా సొరంగం చివరిదాకా వెళ్లింది.

ఈ పొడవు చారల దగ్గర కాస్త ఆగుదాం. మొత్తం పనిలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. ఒక చీర అంచును ఉంగరంలోంచి లాగుతున్నారనుకోండి. మీకు ఉంగరం వెనక ఉన్న చిన్న ముక్క మాత్రమే కనిపిస్తుంది. అంచు మీద బుటాలు ఉంటే ఎంత లాగారో చెప్పగలరు. ఒక బుటా, ఇంకో బుటా, ఇంకోటి. అదే వట్టి జరీ గీత ఉన్న అంచైతే? గజం లాగినా మూడు గజాలు లాగినా ఉంగరంలో కనిపించేది ఒకటే. గీత కదులుతోంది, కానీ కదిలినట్టు కనిపించదు. పొడవు చారల సొరంగంలో ఈగ పరిస్థితి అదే. వెలుతురు అంతే ఉంది, నలుపు తెలుపుల తేడా అంతే ఉంది, గోడ అంతే దగ్గరగా ఉంది, రెక్కలు అంతే కొట్టుకుంటున్నాయి. తీసేసింది ముందుకు కదిలే బొమ్మను మాత్రమే. అది పోగానే దూరం పోయింది.

ఈ పని 2000 సంవత్సరంలో నాట్యం దగ్గరికి వెళ్లింది. శ్రీనివాసన్, జాంగ్, ఆల్ట్‌వైన్, టౌట్స్ కలిసి ప్రచురించారు. సొరంగం 6.4 మీటర్ల పొడవు, 11 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు. అరచేయి చాపితే దాదాపు గోడలు తగులుతాయి. గోడల మీద నలుపు తెలుపు గళ్లు, ఏ వరుసా లేకుండా చెల్లాచెదురుగా. పైకప్పుగా నల్ల జాలీ, ఎందుకంటే ఈగకు ఆకాశం కనిపించాలి. అద్దాల పెట్టెలో ఉన్న పట్టు మీద నాట్యాన్ని వీడియో తీస్తారు.

నాలుగు దశలు. మొదట సొరంగం పట్టుకు 35 మీటర్ల దూరంలో ఉంది, గిన్నె సొరంగం ముఖద్వారంలోనే ఉంది. ఈగలు ఎక్కువగా వలయ నాట్యం చేశాయి, మేత దగ్గర్లోనే ఉందని. రెండో దశలో గిన్నెను సొరంగంలో 6 మీటర్ల లోపలికి జరిపారు. ఈగ ఎగిరిన మొత్తం దూరం 41 మీటర్లు. నాట్యం మాత్రం ఊపు నాట్యం, అరసెకనుకు కాస్త పైన. బయట మామూలుగా ఎగిరే ఈగలతో పోలిస్తే అది సుమారు 230 మీటర్లకు సమానం. మూడో దశలో గిన్నె అక్కడే, గోడల మీద మాత్రం పొడవు చారలు. మళ్లీ వలయ నాట్యం. నాలుగో దశలో సొరంగాన్నే పట్టుకు 6 మీటర్ల దగ్గరికి తెచ్చి, లోపల 6 మీటర్ల దగ్గర గిన్నె పెట్టారు, గళ్ల గోడలతో. ఈగ ఎగిరింది 12 మీటర్లు. నాట్యంలో చెప్పింది దాదాపు 185 మీటర్లు.

ఇది ఎందుకు ఇలా అవుతుందో వేళ్ల మీద లెక్క కట్టవచ్చు. సొరంగం మధ్యలో ఎగిరే ఈగకు గోడ 5.5 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ఈగ ఒక సెంటీమీటరు కదిలితే గోడ మీది చుక్క దాని కంటిలో సుమారు 10 డిగ్రీలు జారుతుంది. బయట, మాటవరసకు, చెట్లూ పొదలూ 2 మీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. అక్కడ ఒక సెంటీమీటరుకు జారేది 0.3 డిగ్రీ కూడా ఉండదు. తేడా 36 రెట్లు. సొరంగంలో 6 మీటర్లంటే అలాంటి చోట 218 మీటర్లతో సమానం. 2 మీటర్లన్నది నేను ఉదాహరణకు తీసుకున్న అంకె, కానీ ఈగ చెప్పిన దూరం ఎక్కడి నుంచి వస్తోందో ఈ లెక్కలో కనిపిస్తుంది. ఆ బృందం నాట్యాన్ని డిగ్రీల్లోకే మార్చింది: ఊపు నాట్యంలో ఒక మిల్లీసెకను అంటే కంటి మీద 17.7 డిగ్రీల బొమ్మ జారినట్టు.

అంటే ఈగ నాట్యంలో మీటర్లు లేవు. ఈ దిక్కుగా వెళ్లు, ఇంత దృశ్యం నీ కళ్ల మీదుగా జారేదాకా వెళ్లు అని ఉంది. 2001లో దీన్ని ఇంకో వైపు నుంచి పరీక్షించారు. సొరంగంలో కొద్ది మీటర్లు ఎగిరి వచ్చిన ఈగ నాట్యం చూసి, సొరంగం ఎరగని ఈగలు ఎక్కడికి వెళ్తాయి? వాటిని బయట ఖాళీ మైదానంలో చూస్తే, సుమారు 70 మీటర్ల చుట్టుపక్కల వెతుకుతున్నాయి. నాట్యం చేసిన ఈగ మోసపోయింది, ఆ మోసాన్ని ఉన్నదున్నట్టుగా చెప్పింది, విన్నవి దాన్ని నమ్మి వెళ్లాయి. నాట్యాన్ని ఇతర ఈగలు నిజంగా అర్థం చేసుకుంటాయా అన్న పాత వివాదానికి కూడా ఇందులో గట్టి సమాధానం ఉంది. ఆ 70 మీటర్ల దగ్గర వాసన గానీ, గిన్నె గానీ, ముందు వచ్చిన ఈగ గానీ లేవు.

ఇప్పుడు ఇలాంటి సొరంగం కట్టాలనుకునే అధ్యాపకుల కోసం కొన్ని పనికొచ్చే మాటలు. కాలేజీ స్థాయిలో దూరం వెతికే ప్రయోగం చేయడం సాధ్యమే. కానీ పాడయ్యే చోట్లు చాలా ఉన్నాయి.

గోడ మీది బొమ్మతో మొదలుపెడదాం. ఒక డిగ్రీ అంకెను గుర్తుపెట్టుకోమన్నాను కదా. 5.5 సెంటీమీటర్ల దూరం నుంచి ఒక మిల్లీమీటరు గడి దాదాపు ఒక డిగ్రీ ఉంటుంది. ఈగకు అది బూడిదరంగు గోడలా కనిపిస్తుంది, బొమ్మే ఉండదు. కనీసం ఒక సెంటీమీటరు గళ్లు పెట్టండి. మెరిసే కాగితం వద్దు, ఎండ తగిలి తళుకు కొడితే ఆ తళుకు కూడా ఒక గుర్తయి కూర్చుంటుంది. రంగు విషయంలో ఇంకా జాగ్రత్త. తేనెటీగకు అతినీల లోహిత కాంతి, నీలం, ఆకుపచ్చ కనిపిస్తాయి, ఎరుపు కనిపించదు. ఎరుపు నలుపు గళ్లు మనకు ఎంత స్పష్టంగా ఉన్నా ఈగకు రెండూ చీకటే. కదలికను కొలిచే దాని వ్యవస్థ ఆకుపచ్చను పట్టే కణాల మీదే నడుస్తుంది, రంగు తేడాతో దానికి పనిలేదు. దూరం కొలత కూడా ఆ కణాల మీదే ఆధారపడుతుందని 2003లో చిట్కా, టౌట్స్ చూపించారు. అందుకే నలుపు తెలుపు మించినది లేదు.

ఈగలను అలవాటు చేయడానికి తొందర పనికిరాదు. గిన్నెను ముందు తేనెపెట్టె దగ్గర పెట్టి, వచ్చిన ఈగల వీపు మీద వేరువేరు రంగుల చుక్కలు పెట్టండి, ఏ ఈగ ఏదో తెలియాలి. తర్వాత గిన్నెను కొంచెం కొంచెంగా సొరంగం ముఖద్వారం దాకా, అక్కడి నుంచి జానెడు జానెడుగా లోపలికి జరపండి. ఒకేసారి మీటరు జరిపితే ఈగలు పాత చోటే వెతికి వెళ్లిపోతాయి. పంచదార నీళ్ల చిక్కదనం రుతువును బట్టి ఉంటుంది. చుట్టూ పొద్దుతిరుగుడు విరగబూసి ఉన్నప్పుడు పలచని నీళ్లను ఈగలు ముట్టవు. పువ్వులు లేని రోజుల్లో చిక్కగా పెడితే పిలవని ఈగలు వందల్లో వచ్చి పడతాయి. సొరంగంలో ఒక్కో ఈగ ఒంటరిగా ఎగిరితేనే కొలత కొలత. గుంపుగా ఎగిరితే ఒకదాని వెనక ఒకటి పోతాయి. కొత్తగా వచ్చిన, గుర్తులేని ఈగలను ఏరి పక్కన పెట్టడానికి ఒక మనిషి ఎప్పుడూ గిన్నె దగ్గర ఉండాలి.

వాసన పెద్ద దొంగ. గిన్నె ఉన్న చోట ఈగలు తమ వాసన వదులుతాయి, పంచదార నీళ్లు ఒలుకుతాయి. గిన్నె తీసేసినా ఆ చోటు ఈగకు తెలిసిపోతుంది, మీరు దూరం కొలిచిందని మురిసిపోతారు. అందుకని అచ్చం అలాంటిదే ఇంకో సొరంగం, ఎన్నడూ ఈగ ఎక్కనిది, పరీక్షకు వాడాలి. కనీసం గోడ కాగితం, నేల కాగితం కొత్తవి వేయాలి. జాలీ పైనుంచి కనిపించే కొమ్మ, స్తంభం, సొరంగం మీద పడే నీడ కూడా గుర్తులే. అలవాటు చేసే రోజుల్లో సొరంగాన్నీ దానితోపాటు గిన్నెనూ అప్పుడప్పుడు కాస్త జరుపుతూ ఉండాలి. సొరంగం ముఖం నుంచి గిన్నె దూరం మాత్రం మారకూడదు. గదిలో చేస్తుంటే పాత చోకు ఉన్న ట్యూబులైట్ వద్దు. అది సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది, మన కంటికి తెలియదు, ఈగ కంటికి తెలుస్తుంది.

ఏ ఈగలతో చేయాలంటే, పెట్టెల్లో పెంచే దేశవాళీ తేనెటీగ గానీ, ఇటాలియన్ ఈగ గానీ. కొండ తేనెటీగ జోలికి ఎట్టి పరిస్థితిలోనూ వెళ్లవద్దు, అవి గుంపుగా మీద పడితే ప్రాణం మీదికి వస్తుంది. తేనెటీగ కుడితే ఒళ్లు దద్దుర్లు, ఆయాసం వచ్చే పిల్లలను ఈ పనికి దూరంగా ఉంచండి.

వాలడం గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను, ప్రశ్నలకు సమయం ఉంచాలి. బల్లపరుపు నేల మీద వాలే ఈగ తన ఎత్తుగానీ వేగంగానీ కొలవదు. కింద నేల జారే వేగాన్ని ఒకేలా ఉంచుతూ, ముందుకు వెళ్లే వేగానికి తగ్గట్టుగా కిందికి దిగుతుంది. ఉదాహరణకు 20 సెంటీమీటర్ల ఎత్తులో సెకనుకు 100 సెంటీమీటర్ల వేగం ఉంటే, 10 దగ్గర 50, 5 దగ్గర 25. నేల తాకే వేళకు రెండు వేగాలూ సున్నా దగ్గరికి వచ్చేస్తాయి. చిన్న విమానాలకు ఇది చాలా ఉపయోగం, ఎందుకంటే ఎత్తు కొలిచే పరికరం మోయక్కర్లేదు, ఒక కెమెరా చాలు. శ్రీనివాసన్ బృందం గోడల మధ్య నడిచే రోబోలనూ, ఎగిరే యంత్రాలనూ ఈ సూత్రాలతో నడిపింది.

ఇక అడగండి.

(సభలో ఒక విద్యార్థి: మన దేశవాళీ ఈగల నాట్యం కూడా ఇలాగే ఉంటుందా సార్?)

సూత్రం ఒకటే, యాస వేరు. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం శాస్త్రజ్ఞులు, జర్మనీవారు కలిసి దక్షిణ భారతంలో మూడు జాతులను పోల్చి చూశారు, 2020లో ప్రచురించారు. తొర్రల్లో పట్టు పెట్టే దేశవాళీ ఈగ, పొదల్లో ఒంటి పట్టు పెట్టే చిన్న ఈగ, చెట్ల మీదా కొండల మీదా పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగ. ఒకే దూరానికి దేశవాళీ ఈగ ఎక్కువ సేపు ఊపుతుంది, కొండ తేనెటీగ తక్కువ సేపు, చిన్న ఈగ ఆ రెంటికీ మధ్యలో. మేతకు తిరిగే దూరం చూస్తే తిరగబడి ఉంటుంది. దేశవాళీ ఈగ అన్నిటికంటే దగ్గర్లో తిరుగుతుంది, కొండ తేనెటీగ అన్నిటికంటే దూరం వెళ్తుంది. దగ్గర్లో తిరిగేదానికి చిన్న తేడా కూడా ముఖ్యం కాబట్టి కొలబద్దను సాగదీసుకుంది. దూరం వెళ్లేది అలా సాగదీస్తే నాట్యం ఎంతకీ ముగియదు.

(ఒక అధ్యాపకురాలు: దారిని బట్టి దూరం మారిపోతే ఈగలు తప్పిపోవా?)

మంచి ప్రశ్న మేడమ్. నాట్యం చేసిన ఈగ, దాన్ని చూసి వెళ్లే ఈగ, రెండూ ఒకే పట్టు నుంచి ఒకే దిక్కుకు, ఇంచుమించు ఒకే ఎత్తులో ఎగురుతాయి. ఒకే చెట్లు, ఒకే పొదలు వాటి కళ్ల మీదుగా జారతాయి. మొదటిదానికి కొలత తప్పితే రెండోదానికీ అంతే తప్పుతుంది, రెండూ ఒకే పువ్వు దగ్గర కలుస్తాయి. దిక్కు మారితే మాత్రం అదే ఊపుకు మీటర్లు మారతాయి. తోటల వైపు ఒక లెక్క, బీడు వైపు ఇంకో లెక్క. ఈగకు దానితో ఇబ్బంది లేదు. ఇబ్బంది మనకే. నాట్యాన్ని చూసి పువ్వులు ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నాయో చెప్పాలనుకునే పరిశోధకుడు, ప్రతి దిక్కుకూ, ప్రతి ఊరికీ విడిగా కొలబద్ద తయారుచేసుకోవాలి.

(వెనక వరుస నుంచి: గోదావరి దాటి వెళ్లే ఈగ ఏం చెబుతుంది? నీళ్ల మీద బొమ్మ ఉండదు కదా?)

పూర్తిగా లేకపోదు, అలలుంటాయి, తళుకుంటుంది, కానీ నేల మీద ఉన్నంత ఉండదు. 2004లో టౌట్స్, జాంగ్, శ్రీనివాసన్ తదితరులు నీటి మీదుగా ఎగిరే ఈగల నాట్యం కొలిచారు. నేల మీద దూరం పెరిగేకొద్దీ ఊపు పెరిగినంతగా నీళ్ల మీద పెరగలేదు. కాబట్టి లంకలో ఉన్న తేనెపెట్టె నుంచి పాయ దాటి అవతలి గట్టు మీది నువ్వుల చేనుకు వెళ్లొచ్చిన ఈగ, ఆ దూరాన్ని తక్కువ చేసి చెబుతుందని అనుకోవచ్చు. అదే ఈగ లంకలోనే అంతే దూరం అరటితోటల మధ్య నుంచి వెళ్లొస్తే ఎక్కువ సేపు ఊపుతుంది. ఇది ఇక్కడ కొలిచి చూడదగ్గ విషయం. అద్దాల పెట్టె ఒకటి, రెండు గిన్నెలు, సెకనుకు 25 ఫ్రేములు తీసే కెమెరా ఉంటే చాలు. ఒక గిన్నె నీటి అవతల, ఇంకోటి అంతే దూరంలో నేల మీద. గాలి తక్కువగా ఉండే ఉదయం పూట చేయండి. గాలి వస్తే ఈగలు నీటికి దగ్గరగా దిగి ఎగురుతాయి, అప్పుడు మీరు కొలిచేది గాలిని అవుతుంది.